ఏడో నంబరు గదికి గొడుగు తీసుకోండి

పిల్లలను బడిలో చేర్పించాలని వచ్చిన తల్లిదండ్రులకు ఆ బడిలోని లోపాలను, ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా, వరుసక్రమంలో చూపించి పంపివేయడం శ్రీమతి సీతారత్నం గారి అలవాటు. ఆవిడ ఆ బడికి శత్రువు కారు. వైస్ ప్రిన్సిపాల్. కొత్త పిల్లల ప్రవేశాల బాధ్యత ఆవిడదే.

పై వాక్యాలను నేను పూర్తి బాధ్యతతో రాస్తున్నాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో ముప్పై నాలుగు సంవత్సరాలు ఇతరులు రాసిన ఉత్తరాలకు శుభ్రప్రతులు తీసి, పదవీ విరమణ చేసిన పిదప, 1991లో గౌతమీ సమాజం వారి సహవిద్యా ఉన్నత పాఠశాలలో ఆఫీసు సూపరింటెండెంటుగా చేరాను. ఆర్.కె. పురం క్వార్టర్ల నుంచి నడిచి రాగల దూరం. ఆరు నుంచి పన్నెండు వరకు తరగతులు. బాలబాలికలు కలిసి చదువుకునే బడి. ఆరో తరగతిలో రెండు సెక్షన్లు, మొత్తం ఎనభై సీట్లు. ఈ ఎనభై అనే సంఖ్యను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవలెనని మనవి.

నా బల్ల సీతారత్నం గారి గది గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఉండేది. ఏప్రిల్‌లో ఆవిడ బడి చూపించడానికి బయలుదేరితే ఫారాలు పట్టుకుని వెనక నడిచేవాణ్ణీ నేనే. కనుక నేను రాయబోయేదంతా చూసినదే, విన్నదే.

ఏప్రిల్ వచ్చిందంటే ఢిల్లీలో ప్రతి బడీ పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు ముస్తాబవుతుంది. గేటుకు రంగు వేస్తారు. వచ్చినవారిని ముందుగా గ్రంథాలయానికి, ఆపైన కంప్యూటరు గదికి తీసుకువెళ్ళి, టీ ఇచ్చి కూర్చోబెడతారు. సీతారత్నం గారి మార్గం వేరు. ఆవిడ ముందుగా అబ్బాయిల మరుగుదొడ్లు చూపేవారు. తరువాత మంచినీళ్ళ కూలరు, ఫిజిక్స్ లాబ్, ఏడో నంబరు గది. చిట్టచివర బస్సు. అంతవరకు నిలిచినవారు బహు తక్కువ.

1993లో వసంత్ కుంజ్ నుంచి ఒక పెద్దమనిషి కొడుకును చేర్పించాలని కాంటెస్సా కారులో వచ్చారు. ఆయన కూర్చోకముందే సీతారత్నం గారు ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్న అడిగారు.

"అబ్బాయికి ఇంకెక్కడైనా సీటు దొరికిందాండీ?"

"దొరక్కేం మేడమ్, రెండు చోట్ల ఇచ్చారు. అయినా మన తెలుగువాళ్ళ బడి అని..."

"అచ్ఛా. అయితే రండి, మా బడి చూద్దురుగాని" అంటూ ఆవిడ బీరువా వెనక నుంచి నల్ల గొడుగు తీశారు.

"ఈ గొడుగెందుకండీ? లోపలికేగా వెళ్తున్నాం?"

"ఏడో నంబరు గదికండీ."

"ఏముందక్కడ?"

"పైకప్పుందండి. అప్పుడప్పుడు."

ఆయన నవ్వారు, పరిహాసమనుకుని. ఫిజిక్స్ లాబ్ దాకా ఆ నవ్వు అలాగే ఉంది. అక్కడ తమ కుమారుణ్ణి ఇంజనీరును చేయదలచినట్టు ఆయన సెలవిచ్చారు.

"అయ్యో, అయితే మా బారోమీటరు చూడాలి మీరు" అన్నారు సీతారత్నం గారు ఉత్సాహంగా. "ఇదిగో. గొట్టం ఉంది, స్కేలు ఉంది. పాదరసం ఒక్కటే లేదు."

"మరి ప్రాక్టికల్స్ ఎలా చేస్తారు?"

"పాదరసం ఉందనుకుని చేస్తారండి. మా పిల్లలకి ఊహాశక్తి ఎక్కువ."

ఏడో నంబరు గది గుమ్మంలో ఆవిడ గొడుగు విప్పి ఆయన చేతికిచ్చారు. ఆ క్షణాన పైనుంచి గచ్చు పెచ్చొకటి, రూపాయి బిళ్ళంత, గొడుగు మీద టప్పుమని పడింది. కాంటెస్సా గేటు దాటిన వేగాన్ని మా ప్యూను హనుమయ్య చాలాకాలం చెప్పుకున్నాడు.

"వెళ్ళిపోయారండీ" అన్నాను నేను.

"మంచిదండి. రెండు చోట్ల సీటుందిగా, పిల్లాడికేం లోటు?" అని ఆవిడ గొడుగు దులిపి బీరువా వెనక పెట్టారు.

సహవిద్య గురించి అడిగే తల్లులకు ఆవిడ ఇచ్చే సమాధానం మరీ సూటిగా ఉండేది. ఒకసారి ఒకావిడ గొంతు తగ్గించి, "మేడమ్, ఇక్కడ అబ్బాయిలూ అమ్మాయిలూ పక్కపక్కనే కూర్చుంటారా?" అని అడిగారు.

"కూర్చుంటారండి. పక్కపక్కనే కొట్టుకుంటారు కూడాను."

"అయ్యయ్యో!"

"కంగారుపడకండి. ఈ ఏడాది ఇప్పటిదాకా అమ్మాయిలే గెలిచారు. మీది అబ్బాయా, అమ్మాయా?"

"అబ్బాయండి."

"అయితే కంగారుపడండి."

పాఠశాల పరిచయ పత్రిక విషయంలోనూ ఇదే వరస. ప్రతి సంవత్సరం దాని ముసాయిదా తయారుచేసే పని నాది. నా శక్తికొలదీ గంభీరమైన వాక్యాలు కూర్చి ఆవిడ ఆమోదానికి పంపేవాణ్ణి. ఎర్ర సిరాతో తిరిగి వచ్చేవి. "పాఠశాలకు విశాలమైన క్రీడాస్థలము కలదు" అని నేను రాయగా, దాని కింద, "పెళ్ళి ముహూర్తములు ఉన్న దినములలో అందు సగము పక్క కాలనీ వారి షామియానా కింద ఉండును" అని చేర్చారు. "అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు" అన్నచోట, "అందు హిందీ ఉపాధ్యాయుల వారి అనుభవము మధ్యాహ్న భోజనానంతరము కనురెప్పల కింద ఉండును" అన్నారు. "చల్లని మంచినీటి వసతి" అన్నదానికి, "జనవరిలో" అన్న ఒక్క మాట.

"మేడమ్, ఇది అచ్చు వేయిస్తే ఎవరు చేరతారు?" అని వినయంగానే అడిగాను.

"అబద్ధం ఏదైనా ఉందాండీ అందులో?"

"లేదండి."

"మరింకేం?"

నా ఉద్యోగ జీవితంలో ఎందరో అధికారులు నా ముసాయిదాలను దిద్దారు. నిజం చేర్చి దిద్దినవారు ఆవిడ ఒక్కరే. ఆ కాగితాన్ని అచ్చుకు పంపడానికి మాత్రం నాకు చేతులు రాలేదు. ప్రిన్సిపాల్ గారి సంతకంతో పాత ప్రతినే పంపేవాణ్ణి.

ఇంతా విని, ఇంతా చూసి కూడా కొందరు ముగ్ధులయ్యేవారు. "ఇంత నిజాయితీగా చెప్పే బడి ఢిల్లీలో ఇంకోటి లేదు మేడమ్, మా పాపని ఇక్కడే చేరుస్తాం" అన్న దంపతులను నేనెరుగుదును. మరొకరైతే సంతోషించేవారు. సీతారత్నం గారి ముఖం వాడిపోయింది.

"తొందరపడకండి. బస్సు సంగతి చెప్పలేదు కదూ? అది తోస్తేనే కదులుతుందండి. తోసే పిల్లలకి ఎడమ పక్క సీట్లు, తోయని పిల్లలకి కుడి పక్క."

"ఫరవాలేదు మేడమ్. మా పాపకి వ్యాయామం."

ఆవిడ నిట్టూర్చి, పోయిన వస్తువును తలచుకున్నట్టు కిటికీలోంచి చూస్తూ ఫారం ఇచ్చారు. ఇదేదో మానసిక వైపరీత్యమని, ఆవిడ ఎదుట కాకపోయినా, నేను హనుమయ్యతో అన్నమాట నిజం.

దీని ఫలితం ఊహించదగినదే. ప్రతి ఏప్రిల్ నెలాఖరుకు ఎనభై సీట్లలో పది పన్నెండు ఖాళీగా మిగిలేవి. పాలకవర్గం అధ్యక్షులు మల్లికార్జున గారికి ఈ ఖాళీలు కంట్లో నలుసు. వారు కర్నూలు వైపువారు. ఓఖ్లాలో చిన్న కర్మాగారం నడుపుతూ, ఏ యంత్రమూ ఖాళీగా నిలవరాదన్న సిద్ధాంతం మీద పైకి వచ్చిన మనిషి. 1995 ఏప్రిల్ మొదటి వారంలో స్వయంగా ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, "ఈసారి నేనే చూపిస్తా మేడమ్. మీరు ఊరికే వెనక రాండి, చాలు" అన్నారు.

సీతారత్నం గారు ఊరికే వెనక నడిచారు. గొడుగుతో.

గ్రంథాలయం బాగా జరిగింది. కంప్యూటరు గది బాగానే జరిగింది. అయితే ఏడో నంబరు గది దాటకుండా మెట్లెక్కడానికి దారి లేదు.

"సార్, ఒక్క నిమిషం, గొడుగు" అన్నారు సీతారత్నం గారు.

"ఏం గొడుగు మేడమ్ మీది! పదేండ్లుగా చూస్తాండా ఈ గదిని. ఏం పడ్తాది ఈడ? ఇది మన సమాజం పెద్దలు సొంత చేతుల్తో..."

ఆ పెద్దల చేతిపని అధ్యక్షుల వారి సఫారీ సూటు ఎడమ భుజం మీద పడింది. సీతారత్నం గారు "చెప్పానా" వంటి మాట ఏదీ అనలేదు. మెల్లగా గొడుగు విప్పి ఆయన నెత్తిన పట్టారు, అంతే. ఆ పట్టడంలోని మర్యాదే ఆయనను ఎక్కువ మండించి ఉంటుందని నా అభిప్రాయం.

మిత్రుడు వెళ్ళిపోయాక ఆఫీసు గదిలో తీర్పు వెలువడింది.

"ఇనండి మేడమ్. ఏప్రిల్ ముప్పైకల్లా ఎనభైకి ఎనభై నిండాల. ఒక్క సీటు మిగిలినా ఈ ప్రవేశాల పని మీకుండదు. ఇంకొకరిని పెడతాం. కన్నాట్ ప్లేసులో రిసెప్షన్ చేసినమ్మాయి ఉండాది. బాగా నవ్వుతాది."

"నేనూ నవ్వుతానండీ."

"మీరు నవ్వితే జనం గొడుగు ఎతుక్కుంటాండారు!"

ఆ సాయంత్రమే ఏడో నంబరు గది పైకప్పు మరమ్మతుకు ఉత్తరువు కూడా ఇచ్చి వెళ్ళారు. అదే మరమ్మతు కోరుతూ సీతారత్నం గారు అంతకు ముందు రాసిన ఆరు ఉత్తరాలకు శుభ్రప్రతులు తీసినవాణ్ణి నేను. ఆరు ఉత్తరాలు చేయలేనిది ఒక పెచ్చు చేసింది.

ఆ నెలంతా నేను ఆవిడను వేడుకున్నాను. "మేడమ్, ఈ ఒక్క నెల గ్రంథాలయం నుంచి మొదలుపెట్టండి."

"గ్రంథాలయం బాగుంటుంది కదండీ?"

"అందుకే."

"అందుకే వద్దండి."

ఏప్రిల్ ముప్పైన లెక్క తీస్తే డెబ్బై ఒకటి. తొమ్మిది ఖాళీలు.

జూలైలో పాలకవర్గ సమావేశం. గత పది సంవత్సరాల ఖాళీల పట్టిక తయారుచేసి ఆ సమావేశంలో దాఖలు చేయవలసిందిగా అధ్యక్షుల వారు నన్ను ఆదేశించారు. ఆవిడను తప్పించడానికి అదే ఆధారం కాబోతున్నదని నాకు తెలుసు. తెలిసినా, ఆదేశం ఆదేశమే. వేసవి సెలవుల్లో, కూలరు గడ్డి వాసన మధ్య, పది ప్రవేశ రిజిస్టర్లను బల్ల మీద పేర్చుకుని కూర్చున్నాను.

ఏ రిజిస్టరునైనా ఆఖరి పంక్తి వరకు చదవకుండా మూయకపోవడం నాకున్న దుర్గుణం. ఏప్రిల్ పేజీలు అయిపోయాయి. వాటి తరువాత జూలైలో రెండు పేర్లు. ఆగస్టులో మూడు. అక్టోబరులో ఒకటి. ఒక సంవత్సరం డిసెంబరు ఇరవై మూడున, సెలవులిచ్చే రోజున, ఒక పిల్లవాడు. పది రిజిస్టర్లలోనూ ఇదే ధోరణి. అన్నిటిలోనూ సంవత్సరం ముగిసేసరికి ఎనభైకి ఎనభై. చివరి గడిలో సీతారత్నం గారి చీమతలకాయలంత అక్షరాలు: "తండ్రి బదిలీ, నాగపూర్ నుంచి. మూడు బడులు కాదన్నవి." "ఇంఫాల్ నుంచి. అయిదు బడులు." "జబల్‌పూర్. లెక్కపెట్టడం మానేశారు."

1991 నుంచి ఆ పేర్లను ఎక్కించినది నా చేతులే. ఒక్కొక్కటీ అందమైన దస్తూరీతో ఎక్కించాను. నాలుగేళ్ళపాటు ఒక్కొక్కటీ ఎక్కించిన మనిషికి, అన్నిటినీ కలిపి చూడాలని తోచలేదు. శుభ్రప్రతులు తీసేవారికి ఇది వృత్తిరీత్యా వచ్చే జబ్బు.

బడి తెరిచిన రోజున ఆవిడ గదికి వెళ్ళాను. ఆవిడ టిఫిను డబ్బా విప్పుతున్నారు.

"మేడమ్, ఆ ఖాళీలు ఖాళీలు కావు."

"మరేమిటండీ?"

"అట్టే పెట్టినవి."

ఆవిడ డబ్బా మూత మళ్ళీ పెట్టేశారు. "తలుపు దగ్గరగా వేయండి సదాశివరావు గారూ. కూర్చోండి. ఇడ్లీ తింటారా?"

"తరువాత తింటాను. ముందు చెప్పండి."

"ఏముందండీ చెప్పడానికి? ఏప్రిల్‌లో వచ్చేవాళ్ళకి ఢిల్లీ నిండా బడులే. బదిలీ కాగితం ఏప్రిల్ చూసుకుని వస్తుందా? ఏ అక్టోబరులోనో ఊడిపడుతుంది. క్వార్టరు దొరుకుతుంది, గ్యాసు దొరుకుతుంది, బడి మాత్రం దొరకదు. ఏ గేటు దగ్గరికెళ్ళినా సీటు లేదు, వచ్చే ఏడు రండనే మాటే, 'సీట్ నహీ హై, అగ్‌లే సాల్ ఆఇయే'. పిల్లకి ఏడాది పోయినట్టేగా!"

"అయితే ఆ మాట పాలకవర్గానికి చెప్పవచ్చు కదండీ? పది సీట్లు బదిలీ పిల్లలకని ఉత్తరువే తెచ్చుకోవచ్చు. ముసాయిదా నేను రాస్తాను."

"మీరు చక్కగానే రాస్తారండి. రాసిన మర్నాటి నుంచి ఆ పదిటికీ సిఫార్సు చీటీలొస్తాయి. మంత్రిగారి పీఏ చీటీ, అధ్యక్షులవారి బావమరిది చీటీ. ఆగస్టుకల్లా అయిపోతాయి." ఆవిడ బీరువా వైపు చూశారు. "ఏడో నంబరు గదికి సిఫార్సు చీటీ ఎవడూ తేడండి."

"ఇంకెక్కడైనా సీటు దొరికిందా" అన్న ఆవిడ మొదటి ప్రశ్న నాలుగేళ్ళ తరువాత నాకు అర్థమయింది. దొరికినవారికి గొడుగు. దొరకనివారికి ఫారం.

"ఈ ఆలోచన మీకెలా వచ్చిందండీ?"

"మా నాన్నగారు తంతి తపాలా శాఖ. నేను ఏడో క్లాసు మూడు ఊళ్ళలో చదివాను. మూడు చోట్లా అందరూ సర్దుకుని కూర్చున్నాక వెళ్ళినదాన్నే. ఒకచోట బెంచీలో ఖాళీ లేదని మాస్టారి కుర్చీ పక్కన స్టూలు వేశారు, పిల్లలకి ఎదురుగా. క్లాసు మొత్తానికి నా మొహం కనిపించేది. నాకు మాత్రం బోర్డు కనిపించేది కాదు." ఆవిడ డబ్బా నా వైపు జరిపారు. "ఇప్పుడు తినండి. కొబ్బరి చట్నీ. ఉప్పు ఎక్కువైంది, ముందే చెబుతున్నాను."

ఇక నా ముందున్న చిక్కు ఇది. ఉన్నది ఉన్నట్టు రాస్తే రహస్యం బయటపడి సీట్లు పోతాయి. అడిగినంతే రాస్తే ఆవిడ పోతారు. అబద్ధం రాయడం నాకు చేతకాదు. చేతిరాత వణుకుతుంది.

మూడు రోజులు ఆలోచించి పట్టికలో ఒక గడి పెంచాను. సమావేశంలో అధ్యక్షుల వారు కళ్ళజోడు సవరించుకుని అదే చదివారు.

"ఏప్రిల్ ఆఖరుకు ఖాళీలు పన్నెండు, పది, పద్నాలుగు... ఇది తెలిసిందే. ఇదేందప్పా రావుగారూ, పక్కన? 'విద్యా సంవత్సరాంతమునకు ఖాళీలు: లేవు.' లేవు, లేవు, లేవు... పదిసార్లు రాసినావే!"

"పది సంవత్సరాలు సార్."

"ఏప్రిల్‌లో ఉండినవి యాడికి పోయినాయి?"

"నిండినవి సార్."

"ఎవరు నింపినారు?"

"ప్రవేశాల బాధ్యులు. సీతారత్నం గారు."

"బడిని గురించి అంత చెడ్డగా చెప్పా?"

"అదే పద్ధతిలో సార్."

ఏ నెలలో నిండినవని ఆయన అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాయరాదన్నది నేను కార్యాలయాలలో నేర్చిన మొదటి పాఠం. ఆ పాఠం వల్ల ఎవరికైనా మేలు జరగడం నేను చూసినది మాత్రం ఆ రోజే.

అధ్యక్షుల వారు కళ్ళజోడు తీసి నన్ను చాలాసేపు చూశారు. "అయితే ఈ తొమ్మిదీ నిండుతాయంటావు?"

"డిసెంబరు ముప్పై ఒకటి నాటికి సార్."

"నిండకపోతే?"

నా నోటి నుంచి వచ్చిన తరువాతి మాటకు ముసాయిదా లేదు. "ఆవిడతోపాటు నా స్థానంలోనూ వేరొకరిని చూసుకోవచ్చు సార్."

"రాసుకోండి మినిట్స్‌లో" అన్నారాయన.

నేనే రాసుకున్నాను.

జూలైలో ఇద్దరు వచ్చారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ముగ్గురు. దసరా సెలవుల తరువాత ఇద్దరు. నవంబరు చివర గువాహటి నుంచి ఒకరు. మొత్తం ఎనిమిది. డిసెంబరు వచ్చింది. మిగిలినది ఒకే ఒక్క సీటు. హనుమయ్య రోజూ ఉదయం మంచులో గేటు దాకా వెళ్ళి చూసి వచ్చి, "ఎవరూ లేరండి, పల్లీలమ్మేవాడే" అని చెప్పేవాడు.

డిసెంబరు పదకొండున ఒక పెద్దమనిషి వచ్చారు. కొడుకు వేరే బడిలో ఆరో తరగతి చదువుతున్నాడనీ, మా బడి ఇంటికి దగ్గర కనుక మార్చదలచామనీ అన్నారు. ఆయన్ను చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఫారం తీసి, కలం మూత తీసి, సిరా ఉన్నదో లేదో కూడా చూసుకున్నాను.

లోపల బీరువా పక్క నుంచి గొడుగు కర్ర నేలకు తగిలిన చప్పుడు వినిపించింది.

"రండి, బడి చూద్దురుగాని. గొడుగాండీ? ఏడో నంబరు గదికి. పైకప్పు మొన్ననే బాగుచేశారనుకోండి. అయినా అలవాటు."

పావుగంటకు ఆయన వెళ్ళిపోయారు. బస్సు దాకా కూడా పోలేదు.

"మేడమ్," అన్నాను, ఫారం మళ్ళీ సొరుగులో పెడుతూ, "ఇంక ఇరవై రోజులే ఉన్నాయి."

"ఇరవై రోజులున్నాయి కదండీ" అన్నారావిడ.

ఇరవైయ్యో తేదీన, ఒంటిగంట దాటాక, మంచు విడి ఎండ వస్తుండగా, స్వెట్టరు మీద కోటు వేసుకున్న ఒకాయన పన్నెండేళ్ళ అమ్మాయితో గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో కాగితాల సంచీ. పేరు రఘురామ్, సొంత ఊరు వరంగల్, లెక్కల ఆడిట్ శాఖ. భోపాల్ నుంచి బదిలీ మీద వచ్చి పదిహేను రోజులయిందట.

"అమ్మాయికి ఇంకెక్కడైనా సీటు దొరికిందాండీ?" అని అడిగారు సీతారత్నం గారు.

"యాడ దొరుకుతది మేడమ్! ఆరు బళ్ళు తిరిగినం. ఒకడైతే గేటు కూడ తీయలే, సందులకెల్లే మాట్లాడిండు. మీ దగ్గర లేకుంటే పిల్లను మల్ల భోపాల్ల మా అన్న ఇంట్ల పెట్టి చదివిపియ్యాలె. ఇదేమో వద్దని ఏడుస్తది."

"పాపా, నీ పేరేంటమ్మా?"

"కిరణ్మయి" అన్నది ఆ పిల్ల, నేల చూస్తూ. "యహా భీ మనా కరేంగే నా?" ఇక్కడా కాదనే అంటారు కదా అని.

సీతారత్నం గారు లేచారు. బీరువా వైపు చూడనైనా చూడలేదు. "రండి" అన్నారు. నేను ఫారం పట్టుకుని వెనకే నడిచాను. ఆ బడిలో నాలుగేళ్ళు పనిచేసి నేను ఎన్నడూ నడవని దారి అది.

ముందు గ్రంథాలయం. "ఈ కిటికీ చూశావా? చలికాలం రెండింటి దాకా ఎండ ఇక్కడే ఉంటుంది. ఈ మూల కుర్చీ కోసం గొడవలవుతాయి, త్వరగా రా." తరువాత క్రీడాస్థలం. మొన్నటి పెళ్ళి షామియానా గుంజల గుంతలు ఇంకా కనిపిస్తున్నాయి. "పెళ్ళిళ్ళ రోజున పక్క కాలనీ వాళ్ళు మనకి గులాబ్‌జామూలు పంపిస్తారు." స్టాఫు గదిలో హిందీ మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు. "మధ్యాహ్నం పడుకుంటారు. ఎందుకో తెలుసా? కొత్తగా వచ్చినవాళ్ళకి సాయంత్రం అయిదు దాకా కూర్చుని, పోయిన పాఠాలన్నీ చెబుతారు." ఇది నాకు తెలియదు. బస్సు దగ్గర, "దీన్ని తోస్తేనే నడుస్తుంది. తోసేవాళ్ళంతా మొదటి రోజే ఫ్రెండ్సయిపోతారు" అన్నారు. ఆ పిల్ల మొదటిసారి తల పైకెత్తింది.

చివరికి ఏడో నంబరు గది. ఆరో తరగతి పిల్లలు ఆటకు పోయి గది ఖాళీగా ఉంది.

"ఢిల్లీలో ఇంత కొత్త పైకప్పు ఇంకే బడికీ లేదు" అన్నారు సీతారత్నం గారు. నిజమే కావచ్చు. రెండో వరుసలో ఒక చోటు చూపించి కిరణ్మయిని కూర్చోబెట్టారు. ఆపైన తాము, ఆ వయసులో, ఆ చీరతో, ఇరుకు బెంచీలో ఆ పిల్ల పక్కన సర్దుకుని కూర్చుని, బోర్డు వైపు తొంగి చూశారు.

"కనిపిస్తోందా అమ్మా?"

"హాఁ ఆంటీ. పూరా."

"నాకూ" అన్నారు సీతారత్నం గారు.

ఫారం నేనే నింపాను. చివరి గడిలో, "భోపాల్ నుంచి. ఆరు బడులు కాదన్నవి" అని, ఆవిడ చెప్పకుండానే, నా దస్తూరీతో రాశాను. ఎనభై.

జనవరిలో జరిగిన సమావేశంలో అధ్యక్షుల వారు పట్టిక చూసి, "ఏమోనప్పా, ఆ గొడుగులో ఏదో ఉండాది. పాత పద్ధతే కానీండి" అన్నారు. "ప్రస్తుత విధానమును యథాతథముగా కొనసాగించవలెను" అని నేను మినిట్స్‌లో రాసుకున్నాను. మునుపెన్నడూ ఏ వాక్యాన్నీ అంత ఇష్టంగా రాయలేదు.

ఇక మిగిలినది ఒక్క సంగతి. 1996 ఏప్రిల్ తొమ్మిదిన సీతారత్నం గారు పంటి నొప్పితో సెలవు పెట్టారు. పది గంటలకు గేటు ముందు ఒక తెల్ల కారు ఆగింది. దిగిన దంపతులు నా బల్ల దగ్గరికి వచ్చి, అబ్బాయిని చేర్పించాలి, బడి చూడాలన్నారు. మేడమ్ లేరు, రేపు రండి అని చెప్పవచ్చు. నియమం ప్రకారం చెప్పవలసినది కూడా అదే.

"అబ్బాయికి ఇంకెక్కడైనా సీటు దొరికిందా అండి?" అని అడిగాను.

"మూడు చోట్లండి."

నేను లేచి, కోటు గుండీలు పెట్టుకుని, ఆవిడ గదిలోకి వెళ్ళి, బీరువా వెనక నుంచి గొడుగు తీసుకుని వచ్చాను. గుమ్మంలో హనుమయ్య నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఈ గొడుగెందుకండీ?" అన్నారు భర్తగారు.

"ఏడో నంబరు గదికి."

"పైకప్పు బాగాలేదా?"

"నిరుడే బాగుచేశారండి. అయితే మళ్ళీ పడదని మాకు ఎవరూ రాతపూర్వకంగా ఇవ్వలేదు."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ముందు బస్సు చూస్తారా, బారోమీటరు చూస్తారా?" అని మర్యాదగా అడిగాను.